రుమాటిక్ గుండె జబ్బులో లయ తప్పితే: నాడి చూడటం నుంచి ఐఎన్ఆర్ నోట్‌బుక్ దాకా ఏం చేయాలి, ఎలా చేయాలి

మీ ఇంట్లో ఎవరికైనా రుమాటిక్ గుండె జబ్బు ఉందని, మైట్రల్ వాల్వ్ (గుండె ఎడమ పక్క పై గదికీ కింది గదికీ మధ్య ఉండే తలుపు) సన్నబడిందని డాక్టర్ చెప్పి ఉంటే ఇది మీ కోసం రాసింది. ఈ జబ్బుతో ఏళ్లు గడిపినవాళ్లలో చాలామందికి ఏదో ఒకనాటికి గుండె లయ తప్పుతుంది. దాని పేరు ఏట్రియల్ ఫిబ్రిలేషన్. ఆస్పత్రుల్లో ఏఎఫ్ అంటారు. మందులు మొదలుపెట్టిన కొద్ది రోజులకే దడ సర్దుకుంటుంది, ఆయాసం తగ్గుతుంది, మనిషి తేరుకుంటాడు. చిక్కంతా అక్కడి నుంచే. దడ తగ్గింది కాబట్టి జబ్బు తగ్గిందనుకుని మాత్రలు ఆపేసి, ఆ తర్వాత పక్షవాతంతో మంచం పట్టినవాళ్లు మన చుట్టూ ఉన్నారు. దడను తగ్గించే మందు వేరు, గుండెలో రక్తం గడ్డకట్టకుండా ఆపే మందు వేరు. ఈ తేడా ఇంట్లో కనీసం ఇద్దరికి గట్టిగా తెలిసి ఉండాలి.

అసలు ఇది ఎలా మొదలవుతుంది

స్ట్రెప్టోకాకస్ అనే బ్యాక్టీరియా వల్ల పిల్లలకు గొంతు నొప్పి వస్తుంది. 5 నుంచి 15 ఏళ్ల వయసులో ఇది ఎక్కువ. గొంతు నొప్పి తగ్గిన రెండు మూడు వారాలకు కొందరికి మళ్లీ జ్వరం వస్తుంది. ఇదే రుమాటిక్ జ్వరం. ఈసారి కీళ్లు వాస్తాయి. ఇవాళ మోకాలు, ఎల్లుండి చీలమండ, ఆ తర్వాత మోచెయ్యి, ఇలా నొప్పి చోటు మారుతుంటుంది. బ్యాక్టీరియా మీదికి శరీరం పంపిన రక్షణ కణాలు, యాంటీబాడీలు దారి తప్పి సొంత కీళ్ల మీదా గుండె మీదా పడటమే దీనికి కారణం. కీళ్ల నొప్పి పూర్తిగా పోతుంది. గుండెకు తగిలిన దెబ్బ మాత్రం ఉండిపోవచ్చు.

ఆ జ్వరం రోజుల్లోనే లయ మీద ప్రభావం మొదలవుతుంది. జ్వరం దిగినా, పిల్ల నిద్రపోతున్నా గుండె వేగంగానే కొట్టుకుంటుంది. ఈసీజీలో పీఆర్ అనే విరామం పెరుగుతుంది. అంటే పై గదుల నుంచి కింది గదులకు విద్యుత్ సంకేతం ఆలస్యంగా చేరుతోందన్నమాట. రుమాటిక్ జ్వరాన్ని గుర్తుపట్టడానికి 1944 నుంచి డాక్టర్లు వాడుతున్న జోన్స్ ప్రమాణాల్లో ఈ పీఆర్ మార్పు కూడా ఒకటి. ఇది చాలావరకు తనంతట తానే సర్దుకుంటుంది.

పెద్దయ్యాక వచ్చే ఏఎఫ్ వేరే సంగతి. జ్వరం మళ్లీ మళ్లీ వచ్చినకొద్దీ మైట్రల్ వాల్వ్ రేకులు అతుక్కుపోయి దళసరి అవుతాయి. మామూలుగా 4 నుంచి 6 చదరపు సెంటీమీటర్లు ఉండే దారి 1.5 కి, కొందరిలో 1 కన్నా తక్కువకు కుంచించుకుపోతుంది. వెనకాల ఉన్న ఎడమ పై గదిలో ఒత్తిడి పెరిగి, అది సాగిపోయి, కండరంలో మచ్చలు పడతాయి. ఆ మచ్చల మధ్య విద్యుత్ దారితెన్నూ లేకుండా తిరుగుతుంది. పై గది నిమిషానికి 350 నుంచి 600 సార్లు అదురుతుందే తప్ప బిగిసి రక్తాన్ని నెట్టదు. కదలని రక్తం అందులో గడ్డకడుతుంది. ఆ గడ్డ ఊడి మెదడుకు పోతే పక్షవాతం. అమెరికాలో ఫ్రామింగ్‌హామ్ అధ్యయనం 1978లో లెక్కగట్టిన ప్రకారం, మామూలు ఏఎఫ్‌తో పక్షవాతం ముప్పు 5 రెట్లకు పైగా పెరిగితే, రుమాటిక్ వాల్వ్ జబ్బుతో కలిసిన ఏఎఫ్‌లో 17 రెట్లు దాటింది.

మొదటి పని: నాడి చూడటం నేర్చుకోండి

దీనికి యంత్రం అక్కర్లేదు. జబ్బు ఉన్న మనిషిని ఐదు నిమిషాలు ఊరికే కూర్చోనివ్వండి. అరచెయ్యి పైకి పెట్టించి, మణికట్టు దగ్గర బొటనవేలి వైపున ఉండే చిన్న గుంటలో మీ చూపుడు వేలు, మధ్యవేలు ఆనించండి. మీ బొటనవేలితో చూడొద్దు, దానిలోని నాడే మీకు తగులుతుంది. గడియారం చూస్తూ పూర్తిగా ఒక నిమిషం లెక్కపెట్టండి. 15 సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో గుణించే పద్ధతి లయ తప్పిన నాడికి పనికిరాదు.

అంకె కన్నా ముఖ్యమైంది దెబ్బకూ దెబ్బకూ మధ్య ఎడం. మామూలు నాడి ఒకే ఎడంతో నడుస్తుంది. ఏఎఫ్‌లో రెండు దెబ్బలు దగ్గరగా, తర్వాతది దూరంగా, ఒకటి గట్టిగా, ఇంకొకటి తగిలీ తగలనట్టు వస్తుంది. ఎంతసేపు చూసినా అందులో ఒక వరస దొరకదు. అప్పుడప్పుడూ ఒక్క దెబ్బ తప్పి మళ్లీ గాడిలో పడితే అది చాలావరకు వేరే రకం, అయినా డాక్టర్‌కు చెప్పండి.

ఇంకో సంగతి. ఏఎఫ్‌లో గుండె కొట్టిన ప్రతి దెబ్బా మణికట్టు దాకా రాదు. గుండె 130 కొడుతుంటే చేతి దగ్గర 100 మాత్రమే తగలొచ్చు. అందుకే వేలికి పెట్టుకునే ఆక్సిమీటర్ చూపించే నాడి అంకెను పూర్తిగా నమ్మొద్దు. మీ దగ్గర స్టెతస్కోప్ ఉంటే ఎడమ చన్ను కింద పెట్టి నిమిషం పాటు వినడం మేలు. బీపీ మిషన్ కూడా లయ తప్పినప్పుడు ఒక్కోసారి ఒక్కో అంకె చూపిస్తుంది, మూడుసార్లు చూసి మూడూ రాసుకోండి.

వాల్వ్ జబ్బు ఉండి ఇంతవరకూ ఏఎఫ్ రానివాళ్లకు వారానికి ఒకసారైనా నాడి చూడండి. కొందరికి దడే తెలియదు. మెట్లెక్కితే ఆయాసం పెరగడం, రాత్రి పడుకుంటే దగ్గు వచ్చి లేచి కూర్చోవడం, ఇవే మొదటి గుర్తులు. దాన్ని గ్యాస్ అనో నీరసం అనో వారాల తరబడి నెట్టుకు రావద్దు.

రెండో పని: ఈసీజీ చేతిలో ఉంచుకోండి

నాడి వరస తప్పిందనిపిస్తే అదే రోజు ఈసీజీ తీయించండి. దగ్గర్లోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనైనా, చిన్న నర్సింగ్ హోమ్‌లోనైనా సరే. దడ వచ్చి పోతుంటే, ఉన్న సమయంలో తీసిన కాగితమే విలువైనది. ఈసీజీ కాగితం మీద అచ్చు కొన్నాళ్లకు వెలిసిపోతుంది కాబట్టి వెంటనే ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి. దడ దొరకకపోతే 24 గంటల పాటు ఛాతీకి తగిలించే హోల్టర్ పరీక్ష ఉంది. గుండె డాక్టర్ టూడీ ఎకో (గుండె స్కాన్) చేసి వాల్వ్ దారి ఎంతుందో, ఎడమ పై గది ఎంత పెరిగిందో చూస్తారు. థైరాయిడ్ పరీక్ష కూడా ఒకసారి చేయించండి. థైరాయిడ్ ఎక్కువ పనిచేసినా ఏఎఫ్ వస్తుంది, ఉన్నది ముదురుతుంది.

మూడో పని: వేగాన్ని అదుపులో ఉంచే మాత్రలు

సన్నబడిన వాల్వ్ గుండా రక్తం దాటడానికి సమయం కావాలి. ఆ సమయం దెబ్బకూ దెబ్బకూ మధ్య విరామంలోనే దొరుకుతుంది. గుండె పరిగెత్తితే విరామం తగ్గి, రక్తం ఊపిరితిత్తుల వైపు వెనక్కి తన్నుతుంది. ఆయాసం అందుకే. మెటోప్రొలాల్, డిల్టియాజెమ్, డిగాక్సిన్ లాంటివి ఈ వేగాన్ని తగ్గిస్తాయి. లయను మామూలు చేయవు, వేగాన్ని మాత్రమే దింపుతాయి. అందుకే మాత్ర వేసుకున్నా నాడి వరస తప్పే ఉంటుంది, దానికి కంగారు పడొద్దు. ఊరికే కూర్చున్నప్పుడు ఎంత లోపు ఉండాలో మీ డాక్టర్‌ను అడిగి రాసుకోండి.

మెటోప్రొలాల్ హఠాత్తుగా ఆపకూడదు, వేగం ఒక్కసారిగా ఎగదన్నుతుంది. ఉబ్బసం ఉంటే ముందే చెప్పాలి. డిగాక్సిన్ విషయంలో ఇంకొంచెం జాగ్రత్త కావాలి. పనిచేసే మోతాదుకూ హాని చేసే మోతాదుకూ మధ్య ఎడం చాలా తక్కువ. కొందరికి వారంలో 5 రోజులే వాడమని రాస్తారు, ఆ రెండు రోజులు ఏవో క్యాలెండర్ మీద గుర్తు పెట్టండి. ఆకలి చచ్చిపోవడం, వాంతులు, కళ్లకు పచ్చగా కనిపించడం, నాడి 60 కన్నా దిగడం, వీటిలో ఏది కనిపించినా తర్వాతి మాత్ర వేసుకునే ముందు డాక్టర్‌కు ఫోన్ చేయండి. ఎండాకాలంలో వాంతులు విరేచనాలు పట్టుకున్నప్పుడు, ఒంట్లో నీరు తీసే మాత్రలు కూడా వాడుతున్నప్పుడు, పొటాషియం పడిపోయి డిగాక్సిన్ విషమయ్యే అవకాశం ఎక్కువ.

నాలుగో పని: రక్తం పలచన చేసే మాత్ర

అన్నిటికన్నా ముఖ్యమైంది ఇది. అన్నిటికన్నా ఎక్కువగా ఆగిపోయేదీ ఇదే, ఎందుకంటే ఇది వేసుకున్నందువల్ల మనిషికి ఏ హాయీ తెలియదు. మన దగ్గర ఎక్కువగా రాసేవి రెండు: వార్ఫరిన్, ఎసినోకౌమరాల్. రెండోది ఎసిట్రామ్ అనే పేరుతో చాలామందికి తెలుసు.

ఈ మాత్ర ఎంత పనిచేస్తోందో ఐఎన్ఆర్ అనే రక్త పరీక్ష చెబుతుంది. మందు వాడని మనిషికి అది 1 దగ్గర ఉంటుంది. మైట్రల్ వాల్వ్ సన్నబడి ఏఎఫ్ ఉన్నవాళ్లకు 2 నుంచి 3 మధ్య ఉండాలి. మైట్రల్ స్థానంలో లోహపు వాల్వ్ పెట్టించుకున్నవాళ్లకు 2.5 నుంచి 3.5. ఇంతకన్నా తగ్గితే గడ్డ భయం, బాగా పెరిగితే రక్తస్రావం భయం. రిపోర్టులో పీటీ అని సెకన్లలో ఇంకో అంకె కూడా ఉంటుంది, దాన్ని చూసి బెదరొద్దు. ఐఎన్ఆర్ అన్న వరసే చూడండి. వీలైనంతవరకు ఒకే ల్యాబ్‌లో చేయించండి.

ఒక చిన్న నోట్‌బుక్ పెట్టండి. తేదీ, ఐఎన్ఆర్ అంకె, ఆ రోజు నుంచి వేసుకోవాల్సిన మోతాదు, మళ్లీ పరీక్ష ఎప్పుడు, ఈ నాలుగూ ఒకే వరసలో రాయండి. కొత్తగా మొదలుపెట్టినప్పుడు కొద్ది రోజులకోసారి, కుదురుకున్నాక నాలుగు వారాలకోసారి పరీక్ష ఉంటుంది. ఫోన్‌లో కాకుండా కాగితం మీదే ఎందుకంటే, ప్రమాదం జరిగిన రోజు ఫోన్ లాక్ ఎవరికీ రాదు. నోట్‌బుక్ ఎవరైనా తెరవగలరు.

మాత్రను సాయంత్రం ఒకే వేళకు వేయండి. ఉదయం పరీక్ష చేయించి మధ్యాహ్నం ఫలితం వస్తే, డాక్టర్ చెప్పిన మార్పు ఆ రాత్రి నుంచే అమలు చేయొచ్చు. మాత్ర మరిచిపోతే అదే రోజు ఎప్పుడు గుర్తొచ్చినా వేసుకోవచ్చు. మర్నాడు గుర్తొస్తే వదిలేసి, నోట్‌బుక్‌లో రాసి, మామూలు మోతాదే వేసుకోండి. నిన్నటిదీ ఇవాళ్టిదీ కలిపి రెండు వేయొద్దు. 1, 2, 3, 4 మిల్లీగ్రాముల మాత్రలు వేర్వేరుగా వస్తాయి. మందుల షాపులో చేతికిచ్చిన స్ట్రిప్ మీద మిల్లీగ్రాములు ప్రతిసారీ చదవండి. పాత మోతాదు స్ట్రిప్పులు ఇంట్లో ఉంచకండి.

ఈ మధ్య రక్త పరీక్ష అక్కర్లేని కొత్త మాత్రలు వచ్చాయి. పక్కింటాయన అదే వాడుతున్నాడు, మనం ఎందుకు నెలనెలా సూది పొడిపించుకోవాలి అని మీకు అనిపిస్తుంది. న్యాయమైన ప్రశ్నే. అయితే పక్కింటాయనకు ఉన్నది వాల్వ్ జబ్బు లేని ఏఎఫ్ అయి ఉంటుంది. రుమాటిక్ జబ్బుతో వచ్చిన ఏఎఫ్‌లో కొత్త మాత్రల్లో ఒకటైన రివరాక్సబాన్‌నూ పాత మాత్రలనూ పోల్చిన ఇన్విక్టస్ అనే పెద్ద అధ్యయనం ఫలితాలు 2022లో వచ్చాయి. 24 దేశాల నుంచి 4,500 మందికి పైగా అందులో ఉన్నారు, మన దేశం కూడా. పాత మాత్రలు వాడినవాళ్లలోనే మరణాలు తక్కువ, రక్తస్రావం మాత్రం ఎక్కువేమీ కాలేదు. కాబట్టి మీ అంతట మీరు మార్చుకోవద్దు. లోహపు వాల్వ్ ఉన్నవాళ్లయితే ఆ ఆలోచనే వద్దు.

అయిదో పని: తిండి, ఇతర మందులు

ఈ మాత్ర విటమిన్ కె కు విరుద్ధంగా పనిచేస్తుంది. తోటకూర, పాలకూర, బచ్చలి, గోంగూర, మునగాకు, కొత్తిమీర లాంటి ఆకుపచ్చటి వాటిలో విటమిన్ కె ఉంటుంది. అందుకని ఆకుకూరలు పూర్తిగా మానేయమని కొందరు చెబుతారు. నా అభిప్రాయంలో ఆ సలహా మంచి కన్నా చెడే ఎక్కువ చేస్తుంది, మనిషి నీరసపడతాడు, ఐఎన్ఆర్ కూడా చిన్న మార్పుకే ఊగుతుంది. వారానికి ఎన్నిసార్లు, ఎంత తింటారో ఆ అలవాటు అలాగే ఉంచండి. ఆషాఢం వచ్చిందని ఒక్కసారిగా రోజూ మునగాకు తిన్నా, కార్తీకమాసం ఉపవాసాలతో తిండి సగం చేసినా అంకె మారిపోతుంది. ఉపవాసం తప్పదనుకుంటే ముందే డాక్టర్‌కు చెప్పి మధ్యలో ఒక పరీక్ష ఎక్కువ చేయించండి. మద్యం వద్దు. పచ్చళ్లు, అప్పడాలు ఆయాసం ఉన్నవాళ్లకు ఉప్పు కారణంగా తగ్గించాలి.

మందులతో ఇంకా జాగ్రత్త. విరేచనాలకు వాడే మెట్రోనిడజోల్, మూత్రంలో మంటకు ఇచ్చే కోట్రైమాక్సజోల్, తామరకు వాడే ఫ్లూకోనజోల్ ఐఎన్ఆర్‌ను బాగా పెంచేస్తాయి. టీబీకి వాడే రిఫాంపిసిన్ తగ్గించేస్తుంది. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటి నొప్పి మాత్రలు కడుపులో రక్తస్రావం చేయిస్తాయి. ఒళ్లు నొప్పులకు ఆర్ఎంపీ దగ్గర నడుముకు నొప్పి ఇంజెక్షన్ వేయించుకోవడం మన పల్లెల్లో మామూలు. ఈ మాత్ర వాడేవాళ్లకు అది రెండు విధాలా చెడ్డది: మందూ ముప్పే, కండలోకి దిగిన సూదీ ముప్పే. జ్వరానికి, నొప్పికి పారాసెటమాల్ నయం, అదీ రోజుల తరబడి నిండు మోతాదులో అయితే చెప్పి వాడాలి. ఆయుర్వేద, మూలికా మందులు ఏవి వాడినా దాచకుండా చెప్పండి. పన్ను పీకించుకోవాల్సి వస్తే డెంటిస్ట్‌కూ గుండె డాక్టర్‌కూ ఇద్దరికీ తెలియాలి, మీ అంతట మీరు మాత్ర ఆపి వెళ్లొద్దు.

ఆరో పని: పెన్సిలిన్ ఇంజెక్షన్ వదలకండి

లయ సమస్య మొదలయ్యాక చాలా ఇళ్లలో ఈ ఇంజెక్షన్ మరుగున పడిపోతుంది. గొంతులో స్ట్రెప్టోకాకస్ మళ్లీ చేరితే మళ్లీ జ్వరం, మళ్లీ వాల్వ్‌కు దెబ్బ. దాన్ని ఆపేది బెంజథిన్ పెన్సిలిన్. పెద్దలకు 12 లక్షల యూనిట్లు, బరువు తక్కువున్న పిల్లలకు 6 లక్షలు, 21 రోజులకోసారి. 21 రోజులంటే సరిగ్గా మూడు వారాలు, కాబట్టి మొదటిది మంగళవారం పడితే ఎప్పుడూ మంగళవారమే పడుతుంది. వాల్వ్ దెబ్బతిన్నవాళ్లకు సాధారణంగా 40 ఏళ్ల వయసు దాకా, కొందరికి జీవితాంతం కొనసాగిస్తారు.

రక్తం పలచన చేసే మాత్ర వాడుతూ ఈ ఇంజెక్షన్ కండకు వేయించుకోవడం గురించి డాక్టర్‌తో విడిగా మాట్లాడండి. ఐఎన్ఆర్ హద్దులో ఉందో లేదో చూసి వేయించడం, సూది తీశాక ఎక్కువసేపు అదిమిపట్టడం అవసరం. వాల్వ్ మరీ దెబ్బతిని గుండె బలహీనపడినవాళ్లకు కొందరు డాక్టర్లు ఇంజెక్షన్ మాన్పించి పెన్సిలిన్ మాత్రలకు మారుస్తారు. ఎటైనా సరే, రెండూ లేకుండా ఉండకూడదు. పస్తున వెళ్లొద్దు, కొంచెం తిని, పడుకుని వేయించుకోండి. అత్యవసర మందులు ఉన్న చోటే వేయించండి.

వాల్వ్ తెరిపించడం, షాక్ ఇవ్వడం

వాల్వ్ దారి బాగా సన్నబడితే తొడ దగ్గరి సిర గుండా బెలూన్ పంపి దాన్ని తెరుస్తారు. జపాన్ సర్జన్ కంజీ ఇనోవే 1980లలో తెచ్చిన పద్ధతి ఇది. ముందు గొంతు గుండా ఎకో చేసి ఎడమ పై గదిలో గడ్డ లేదని చూసుకుంటారు. బెలూన్‌కు అనువుగా లేని వాల్వ్ అయితే ఆపరేషన్ చేసి మారుస్తారు. తెలంగాణలో ఆరోగ్యశ్రీ, ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్య సేవ (మునుపటి ఆరోగ్యశ్రీ) పరిధిలోకి వచ్చే చికిత్సలివి, కార్డు సంగతి ముందే కనుక్కోండి. లయను మామూలు చేయడానికి విద్యుత్ షాక్ కూడా ఇస్తారు. దానికి ముందు కనీసం 3 వారాలు ఐఎన్ఆర్ హద్దులో ఉండాలి, తర్వాత 4 వారాలు మాత్ర తప్పనిసరి. బెలూన్ వేసినా, షాక్‌తో లయ కుదిరినా, డాక్టర్ ఆపమని కాగితం మీద రాసేదాకా మాత్ర ఆపొద్దు.

పెళ్లయిన అమ్మాయికి ఈ జబ్బు ఉంటే

వాల్వ్ సన్నబడే రకం ఆడవాళ్లలో ఎక్కువ. గర్భం వచ్చాక ఒంట్లో రక్తం 40 శాతానికి పైగా పెరుగుతుంది, గుండె వేగమూ పెరుగుతుంది. అప్పటిదాకా బాగానే ఉన్న అమ్మాయికి ఐదారు నెలల్లో హఠాత్తుగా ఆయాసం కమ్మేస్తుంది. వార్ఫరిన్ రకం మాత్రలు 6 నుంచి 12 వారాల మధ్య బిడ్డ ఎదుగుదలను దెబ్బతీస్తాయి. భయపడి ఎవరికీ చెప్పకుండా మాత్ర ఆపేస్తే తల్లి ప్రాణానికి ముప్పు. కాబట్టి పిల్లల గురించి అనుకుంటున్నప్పుడే గుండె డాక్టర్‌ను కలవాలి, నెల తప్పితే అదే వారం వెళ్లాలి. ఈ జబ్బు సంగతి అత్తింటివారికి తెలియనివ్వకుండా మందులు దాచుకుని వేసుకునే అమ్మాయిలు ఉన్నారు. తల్లిదండ్రులారా, దయచేసి ఆ పరిస్థితి తేవద్దు. పెళ్లికి ముందే చెప్పండి.

వెంటనే కదలాల్సిన సందర్భాలు

మూతి ఒక పక్కకు వంకర పోవడం, చెయ్యో కాలో పట్టు తప్పడం, మాట తడబడటం కనిపిస్తే 108కి ఫోన్ చేయండి. అది ఐదు నిమిషాల్లో దానంతట తగ్గిపోయినా వెళ్లాలి. గడ్డను కరిగించే ఇంజెక్షన్‌కు నాలుగున్నర గంటలే గడువు, అదీ ఐఎన్ఆర్ 1.7 దాటితే సాధారణంగా ఇవ్వరు. వైరు పంపి గడ్డను బయటికి లాగే సౌకర్యం పెద్ద ఆస్పత్రుల్లోనే ఉంటుంది. సీటీ స్కాన్ ఉన్న చోటుకే నేరుగా తీసుకెళ్లండి. చివరిసారి మనిషి మామూలుగా ఎప్పుడున్నారో ఆ సమయం గుర్తుపెట్టుకుని చెప్పండి.

గడ్డ ఎప్పుడూ మెదడుకే పోదు. ఒక కాలు హఠాత్తుగా విపరీతంగా నొప్పి పుట్టి, పాలిపోయి, చల్లబడితే అది కాలి రక్తనాళంలో చిక్కిన గడ్డ. తిమ్మిరి అనుకుని నూనె రాస్తూ కూర్చుంటే గంటల్లో కాలు పోతుంది. ఉన్నట్టుండి భరించలేని కడుపు నొప్పి కూడా పేగుకు రక్తం ఆగినందువల్ల కావచ్చు.

మలం నల్లగా తారులా రావడం, మూత్రం ఎర్రబడటం, చిగుళ్ల నుంచి రక్తం ఆగకపోవడం రక్తస్రావం గుర్తులు. తలకు దెబ్బ తగిలితే పైకి ఏమీ కనిపించకపోయినా ఆస్పత్రికి వెళ్లి స్కాన్ గురించి అడగండి. కూర్చున్నా నాడి 120 దాటి, ఆయాసంతో పడుకోలేక, దగ్గితే గులాబీ రంగు నురగ వస్తుంటే మనిషిని కూర్చోబెట్టే తీసుకెళ్లండి, వెల్లకిలా పడుకోబెట్టొద్దు.

వీటిలో దేనికి బయలుదేరినా ఐఎన్ఆర్ నోట్‌బుక్, వాడుతున్న మందుల స్ట్రిప్పులు సంచిలో వేసుకోండి. అక్కడ మొదట కనిపించిన డాక్టర్‌తో మీరు చెప్పాల్సిన తొలి మాట: "రుమాటిక్ వాల్వ్ జబ్బు ఉంది, ఏఎఫ్ ఉంది, రక్తం పలచన చేసే మాత్ర వాడుతున్నారు, చివరి ఐఎన్ఆర్ ఇది."